ఆస్కారు పోటీలో నిలిచిన 2022 చిత్రములు

2023 మార్చి 13వ తేది ఉదయమున తెలుగునాట ఒక వార్త క్షణములలో వ్యాపించినది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన 95వ ఆస్కారు ఉత్సవములో "నాటు నాటు" పాటకు ఉత్తమ గీత బహుమానము లభించినది. ఒక భారతీయ చిత్రములోని పాట ఈ బహుమానమును పొందుట అదియే ప్రథమము. సంగీతము కూర్చినవారు ఎం.ఎం. కీరవాణి, పాటను రచించినవారు చంద్రబోస్. చంద్రబోస్ స్వగ్రామము చల్లగరిగ. అది నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలములోని ఒక పల్లె. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థులకు ఇది దూరదేశపు వార్త కాదు, ఇంటి వార్త.

సంతోషింపవలసిన విషయమే. కాని బహుమానము పరీక్షలో వచ్చిన మార్కు వంటిది. మార్కు ఎంతయో తెలిసినంత మాత్రమున జవాబు పత్రములో ఏమి వ్రాసియున్నదో తెలియదు. ఆ సంవత్సరము పోటీలో నిలిచిన చిత్రములలో విజ్ఞానశాస్త్ర విద్యార్థి తప్పక చూడదగినవి కొన్ని గలవు. వానిలో కొన్నింటికి బహుమానము రాలేదు. ఇట్టి చిత్రములు చిన్న పట్టణముల సినిమా హాళ్లకు సాధారణముగా రావు గనుక, వాని పేర్లు సహితము మన బడులలో అరుదుగా వినబడును. అందుచే మార్కులను ప్రక్కనుంచి ఆరు జవాబు పత్రములను విప్పి చూచుట ఈ విమర్శ యొక్క ఉద్దేశము.

విమర్శకు కొలబద్ద

సైన్సు చదివినవాడు సినిమాకు పోయినచో తప్పులే వెదకునని లోకములో ఒక పరిహాసము గలదు. నాయకుడు పదవ అంతస్తు నుండి దుమికి నిలబడగానే న్యూటను సూత్రములను జ్ఞాపకము చేయుట సులభము. కాని అట్టి విమర్శ వలన కలుగు ప్రయోజనము స్వల్పము. కాకి మాటలాడినదని పంచతంత్రమును ఎవ్వరును తప్పు పట్టరు గదా!

ప్రతి చిత్రమును ప్రేక్షకునితో ఒక ఒప్పందము చేసికొనును. కథాచిత్రము "ఇది కల్పన, కొంతసేపు నమ్ముడు" అనును. వాస్తవచిత్రము, అనగా డాక్యుమెంటరీ, "ఇది జరిగినది, ఉన్నదానినే చూపుచున్నాము" అనును. రెండవ ఒప్పందము మొదటిదాని కంటె బరువైనది. కావున ఏ చిత్రమునైనను మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. మొదటిది: ఆ చిత్రము తన ఒప్పందమును నిలుపుకొన్నదా? రెండవది: అది దేనిని దగ్గరగా, ఓర్పుతో చూచినది? మూడవది: హాలు నుండి బయటికి వచ్చిన పిదప ప్రేక్షకుని మనస్సులో అది మిగిల్చినదేమి, అందువలన మేలా, కీడా?

నాటు పాట, ఆకు పసరు

"ఆర్.ఆర్.ఆర్." చిత్రము 2022 మార్చి 25న విడుదలయైనది. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి. అల్లూరి సీతారామరాజు 1922 నుండి మన్యములో పోరాడి 1924 మే 7న ప్రాణములర్పించిన వీరుడు. కొమరం భీము నిజాము ప్రభుత్వమునకు ఎదురు నిలిచి 1940లో జోడెఘాట్ వద్ద మరణించిన గోండు నాయకుడు. ఈ ఇరువురును ఢిల్లీలో కలిసికొని స్నేహితులైనట్లు కల్పించిన కథ ఇది. కల్పన అని చిత్రమే చెప్పుచున్నది గనుక ఇందు దోషము లేదు.

పాట విషయమున ప్రశంస తప్ప మరొక మాట లేదు. దాని నడక తిశ్రగతి. అనగా ఒక్కొక్క దెబ్బ మూడు భాగములుగా విరుగును. డప్పు మ్రోగు ఊరిలో పెరిగిన ఏ పిల్లవానికైనను ఈ నడక కాలికి తెలిసినదే. పాటలోని వస్తువులు ఎద్దు, జాతర, మర్రినీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు. వీనిలో ఒక్కటియు పల్లెకు క్రొత్తది కాదు. ఇంజనీరింగు చదివిన కవి తన పల్లెను దగ్గరగా చూచి వ్రాసిన పాట ఇది. ఉక్రెయిన్ దేశపు కీవ్ నగరములోని ఒక రాజభవనము ముందు దీనిని చిత్రించినారు. చూచిన వస్తువు ఊరిదైనను, వినువారు లోకమంతట నున్నారని ఈ పాట నిరూపించినది.

ఇక కథలోని సాహసములు. నది మధ్య చిక్కిన బాలుని రక్షించుటకై ఇరువురు ఒకే త్రాటి కొనలను పట్టుకొని, వంతెనకు రెండు వైపుల దుమికి, లోలకముల వలె ఊగుదురు. త్రాడు క్షితిజ సమాంతరముగా నున్న స్థితి నుండి ఊగినచో, ఊపు అడుగునకు చేరిన క్షణమున చేతులపై పడు లాగుడు దేహభారమునకు మూడు రెట్లుండును. డెబ్బది కిలోగ్రాముల మనిషి చేతులు 210 కిలోగ్రాముల బరువును మోయవలెను. భౌతికశాస్త్ర ఉపాధ్యాయునికి ఇది చక్కని లెక్క. చిత్రమునకు ఇది దోషము కాదు. ఇంటికి పోయి వంతెన మీద నుండి ఎవ్వడును దుమకడు.

కాని అదే చిత్రములో మరొక దృశ్యము గలదు. రామరాజును విషసర్పము కాటువేయును. దానికి ఇంగ్లీషువారి వైద్యములో మందు లేదని, గోండులకే తెలియునని ఒక పాత్ర చెప్పును. భీము ఆకు పసరుతో అతనిని బ్రతికించును. త్రాటి ఊపు వలె ఇదియు కల్పనయే. అయినను భేదము గలదు. త్రాటి ఊపును ఎవ్వరును నమ్మరు. ఆకు పసరును నమ్మువారు నేటికిని ఎందరో గలరు. 2000 నుండి 2019 వరకు భారతదేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించియుందురని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వారిలో అత్యధికులు పల్లెవారు. కాటుపడినవానిని కదలనీయక, కాటు వద్ద కోయక, గట్టిగా కట్టు కట్టక, విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి తక్షణము చేర్చుటయే మార్గము. మహబూబాబాదు, భూపాలపల్లి అడవి అంచులలో బోధించు ఉపాధ్యాయుడు ఈ చిత్రమును గూర్చి తరగతిలో మాటలాడినచో, మొదట చెప్పవలసిన మాట ఇదియే.

మరొక లోపము సూక్ష్మమైనది. మూలికలెరిగినవాడుగా, అడవి జాడలు తెలిసినవాడుగా చిత్రించిన భీము, కథ ముగియునప్పటికి రామరాజును తనవారికి చదువు చెప్పుమని కోరు శిష్యుడగును. చదువు కోరుట మంచిదే. అయితే ఇచ్చునది ఒకడు, పుచ్చుకొనునది మరొకడు అను త్రాసు అక్కడ ఏర్పడినది. అడవి బిడ్డ తెలిసికొనియున్నదియు విజ్ఞానమే అని, దానిని కూడ పరీక్షించి గ్రహింపవలెనని చిత్రము చెప్పలేకపోయినది. కోయ పిల్లలు కూర్చున్న తరగతిలో ఇది చిన్న విషయము కాదు.

రెండు కల్పిత లోకములు

జేమ్స్ కామెరాన్ తీసిన "అవతార్: ది వే ఆఫ్ వాటర్" దృశ్యచమత్కృతికి బహుమానము పొందినది. మూడు గంటల పన్నెండు నిమిషముల ఈ చిత్రము పండోరా అను కల్పిత ఉపగ్రహములోని సముద్రమును చూపును. నటులు పెద్ద నీటితొట్టిలో ఊపిరి బిగబట్టి నటింపగా, వారి కదలికలను యంత్రములు గ్రహించినవి. నీటిలో వెలుగు ఎట్లు వంగును, అలల నీడ చర్మముపై ఎట్లు ఆడును అను విషయములను కంప్యూటరు లెక్కించి చిత్రించినది. నీటిని ఇంత జాగ్రత్తగా చూచిన కథాచిత్రములు కొద్ది. మనుషుల విషయమున అట్టి జాగ్రత్త కనబడదు. మంచివాడు మొదటి నుండి మంచివాడు, చెడ్డవాడు చివరి వరకు చెడ్డవాడు. తిమింగిలముల వంటి జీవుల మెదడు నుండి "అమృత" అను ద్రవము తీయుటకై వేటాడు దృశ్యము ఒక్కటి మాత్రము మనస్సున నిలుచును. ఏలయనగా మన భూమిపై తిమింగిలములను నూనె కొరకు వేటాడిన చరిత్ర నిజమైనది.

ఉత్తమ చిత్రముగా ఎన్నికయైనది "ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్". పదకొండు విభాగములలో పోటీ చేసి ఏడు బహుమానములు గెలుచుకొన్నది. బట్టలుతుకు దుకాణము నడుపు ఒక గృహిణి, పన్నుల కార్యాలయములో లెక్కలు అప్పగించుచు, హఠాత్తుగా తన ఇతర జీవితములలోనికి ప్రయాణము చేయగలుగును. ఒక జీవితములో నటి, మరొక దానిలో వంటమనిషి, ఇంకొక దానిలో కేవలము ఒక రాయి!

దీనికి మూలము భౌతికశాస్త్రములోని ఒక ఊహ. 1957లో హ్యూ ఎవరెట్ అను శాస్త్రజ్ఞుడు క్వాంటం సిద్ధాంతమునకు ఒక వ్యాఖ్యానమును ప్రతిపాదించినాడు. ఒక కొలత వలన రాగల ఫలితములన్నియు వేర్వేరు శాఖలలో నిజమగునని దాని సారాంశము. కాని ఆ శాఖల మధ్య రాకపోకలు లేవు. ఒక శాఖలోని వంటమనిషి నేర్పు మరొక శాఖలోని గృహిణికి అబ్బదు. చిత్రము ఈ ఊహ పేరును మాత్రము తీసికొని, మిగిలినదంతయు స్వేచ్ఛగా అల్లినది. దీనిని సైన్సు పాఠముగా గ్రహింపరాదు. కథగా మాత్రము ఇది నిజాయితీ గలది. హడావుడి అధికము, తల తిరుగును. అయినను, ఇన్ని లోకములు తిరిగిన ఆ స్త్రీ చివరకు తన దుకాణమును, భర్తను, కుమార్తెను క్రొత్తగా చూడ నేర్చుకొనును. చుట్టు తిరిగి దగ్గరి వస్తువునకే వచ్చిన కథ ఇది.

ఏనుగు పిల్ల

"ది ఎలిఫెంట్ విస్పరర్స్" నలుబది నిమిషముల చిన్న వాస్తవచిత్రము. ఆ ఉత్సవములోనే ఇదియు బహుమానము పొందినది. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్. తమిళనాడులోని ముదుమలై అడవిలో, తెప్పకాడు శిబిరమున, బొమ్మన్, బెళ్లి అను దంపతులు రఘు అను అనాథ ఏనుగు పిల్లను పెంచుట ఇందలి విషయము. కొన్ని సంవత్సరముల పాటు చిత్రించిన దృశ్యములు గనుక, పిల్ల పెరుగుట, దాని పేచీ, దాని మచ్చిక సహజముగా కనబడును. అడవిని కాపాడుటలో అడవివాసుల పాత్రను గౌరవముతో చూపుట దీని గొప్పతనము. ఈ విషయమున ఇది "ఆర్.ఆర్.ఆర్." కంటె ఒక మెట్టు పైన నున్నది.

లోపము ఏమనగా, దీనికి ప్రశ్నించుట కంటె ముద్దు చేయుట ఇష్టము. రఘు ఎందుకు అనాథ అయినాడు? ఎండకాలమున నీరు, మేత వెదకుచు మంద పల్లెలోనికి రాగా, తల్లి ఏనుగు కరెంటు తగిలి చనిపోయినది. చిత్రము ఈ మాట చెప్పి వెంటనే ముందునకు సాగును. ఆగవలసిన చోటు అదియే. మన ప్రాంతములోను, అడవి అంచు పొలములలో పందుల కొరకు దొంగచాటుగా కరెంటు తీగలు పరచు దురభ్యాసము గలదు. గుండె లయను చెడగొట్టుటకు ఆంపియరులో పదవవంతు విద్యుత్తు చాలును. ఆ తీగకు పందికి, పశువుకు, మనిషికి గల భేదము తెలియదు. కన్నీరు తెప్పించు చిత్రము ఒకింత ఆలోచనయు రప్పించియున్నచో దీని విలువ రెట్టింపయ్యెడిది.

అగ్నిపర్వతము ముందు ఇద్దరు

"ఫైర్ ఆఫ్ లవ్" బహుమానము పొందని వాస్తవచిత్రము. దర్శకురాలు సారా డోసా. ఫ్రాన్సు దేశపు కాతియా, మోరిస్ క్రాఫ్ట్ దంపతులు అగ్నిపర్వతములను జీవితాంతము వెంబడించి చూచినవారు. ఆమె రసాయనముల దృష్టితో భూమిని చదివినది. అతడు శిలల శాస్త్రజ్ఞుడు. వారు తీసిన ఫిల్ములు, ఫొటోలే ఈ చిత్రమునకు ముడిసరుకు.

అగ్నిపర్వతములను వారు సులభముగా రెండుగా విభజించినారు: ఎర్రవి, బూడిదవి. ఎర్రవి లావాను ఏరు వలె పారించును. చూచుటకు భయంకరమైనను తప్పించుకొన వీలున్నవి. బూడిదవి ప్రేలును. వాని నుండి వెడలు వేడి వాయువుల, బూడిద మేఘము గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో నేలను ప్రాకుచు వచ్చును. దాని వేడి కొన్ని వందల డిగ్రీలు. 1985 నవంబరు 13న కొలంబియాలోని నెవాడో దెల్ రూయిస్ ప్రేలగా, మంచు కరగి బురద వరద వచ్చి సుమారు 23,000 మంది చనిపోయినారు. ప్రమాద ప్రాంతముల పటము అంతకు ముందే తయారైయుండెను. పటము ఉండియు ప్రజలు కదలలేదు. కాగితము మీది గీత కంటికి భయము కలిగింపదని క్రాఫ్ట్ దంపతులకు అప్పుడు తెలిసినది. బూడిద పర్వతములను చిత్రించి అధికారులకు, ప్రజలకు చూపవలెనని వారు సంకల్పించినారు. 1991 జూన్ 3న జపానులోని ఉన్‌జెన్ పర్వతము వద్ద ఆ పని మీద నుండగానే, అట్టి మేఘము క్రింద పడి ఇరువురును మరణించినారు. వారితో కలిపి ఆనాడు 43 మంది ప్రాణములు కోల్పోయినారు.

ఆ సంవత్సరమే ఫిలిప్పీన్సు దేశమున పినతూబో పర్వతము మేల్కొన్నది. మోరిస్ క్రాఫ్ట్ తయారు చేసిన వీడియోను అక్కడి అధికారులకు, ప్రజలకు చూపినారు. వేలాదిమంది ఇండ్లు విడిచి కదలినారు. జూన్ 15న ఆ శతాబ్దపు మహా విస్ఫోటములలో ఒకటి సంభవించినది. ముందుగా హెచ్చరించి తరలించుట వలన కనీసము 5,000 ప్రాణములు దక్కినవని శాస్త్రజ్ఞుల అంచనా. ఒక చలనచిత్రము చేయగల మేలు ఇంతకంటె ఏమున్నది?

ఇంత గొప్ప విషయము గల ఈ చిత్రముపై ఒక ఆక్షేపణ గలదు. క్రాఫ్టుల ఫిల్ములలో శబ్దము లేదు. తెర మీద వినబడు లావా గర్జన, అడుగుల చప్పుడు తరువాత చేర్చినవి. వాస్తవచిత్రపు ఒప్పందము బరువైనదని పైన చెప్పబడినది. చేర్చిన శబ్దమును చేర్చినదిగా ప్రేక్షకునికి తెలుపుట ధర్మము. ప్రయోగశాల పుస్తకములో కొలిచిన అంకెను, ఊహించిన అంకెను వేరు వేరుగా వ్రాయుమని విద్యార్థికి చెప్పుట లేదా?

గద్ద

"ఆల్ దట్ బ్రీత్స్" ఈ ఆరింటిలో ఉత్తమమైనది. దర్శకుడు శౌనక్ సేన్. 2022లో సండాన్స్ ఉత్సవమున, కేన్స్ ఉత్సవమున వాస్తవచిత్రములకిచ్చు పెద్ద బహుమానములను పొందినది. ఆస్కారు మాత్రము రాలేదు.

ఢిల్లీలో నదీమ్, సవూద్ అను సోదరులు నేలమాళిగలో సబ్బు డబ్బాల వ్యాపారము చేయుచు, అక్కడనే గాయపడిన గద్దలకు చికిత్స చేయుదురు. మాంసము తిను పక్షి యని ఆసుపత్రి చేర్చుకొనని ఒక గద్దతో ఈ పని మొదలైనది. చిన్ననాడు కండలు పెంచు వ్యాయామములో తెలిసికొన్న కండరముల జ్ఞానమే వారికి మొదటి వైద్యశాస్త్రము. గద్దలకు గాయము చేయునది ఏది? చాలసార్లు గాలిపటపు దారము. గాజుపొడి పూసిన మాంజా, ఎగురుచున్న రెక్కను కత్తి వలె కోయును.

చిత్రము ఎవ్వరికిని ఉపన్యాసమీయదు. కెమెరా నెమ్మదిగా కదలును. మొదటి దృశ్యములోనే రాత్రివేళ చెత్త మధ్య తిరుగు ఎలుకలను చాలసేపు చూపును. నీటిగుంటలో పురుగు, గోడపై నత్త, పొగలో విమానము, వేడి గాలి ప్రవాహములపై రెక్క ఆడింపక తేలు గద్ద, అన్నియు ఒకే గాలిని పీల్చుచున్నవని ప్రేక్షకుడు తనంతట గ్రహించును. నగరములో మనుషుల మధ్య చెలరేగిన కల్లోలము దూరపు ధ్వనిగా వినబడుచుండగా, సోదరులు గద్ద రెక్కకు కుట్లు వేయుచుందురు. నగరపు మాంస వ్యర్థములను తిని శుభ్రపరచు పని గద్దలది. ఒకప్పుడు ఆ పనిలో రాబందులకు పెద్ద పాలుండెడిది. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ అను మందు కళేబరముల ద్వారా రాబందుల మూత్రపిండములను చెడగొట్టినట్లు 2004లో రుజువైనది. 2006లో పశువులకు ఆ మందును భారతదేశమున నిషేధించినారు. అప్పటికి రాబందుల జాతులు కొన్ని నూటికి తొంబది పాళ్లకు పైగా నశించినవి. గద్దను గూర్చి బెంగపడుట వెర్రితనము కాదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఒప్పందము నిలిచినది, చూపు దగ్గరగా నున్నది, మిగిలినది మేలు. మూడు ప్రశ్నలకును సరియైన జవాబు చెప్పిన చిత్రము ఇది ఒక్కటే. దీనికిని, "ఫైర్ ఆఫ్ లవ్" చిత్రమునకును రాని బహుమానము "నవాల్నీ" చిత్రమునకు పోయినది. విషప్రయోగమునకు గురియైన ఒక రష్యను నాయకుడు తనను చంపజూచినవారిని సాక్ష్యములతో వెదకి పట్టుకొనుట అందలి విషయము. ఆ నాయకుడు 2024 ఫిబ్రవరి 16న చెరసాలలో మరణించినాడు. ధైర్యమునకిచ్చిన ఆ బహుమానమును తప్పు పట్ట వీలులేదు. కాని ఓర్పునకు కూడ ఒక బహుమానముండవలసినది.

బడిలో చేయదగిన పని

ఈ చిత్రములను చూచుటకు నేడు హాలు అవసరము లేదు. సక్రమమైన మార్గమున సంపాదించి, ఒక శనివారము మధ్యాహ్నము తరగతిలో కొంత భాగము చూపి, మూడు ప్రశ్నలను నల్లబల్ల మీద వ్రాసి విద్యార్థుల చేత జవాబులు చెప్పించవచ్చును. ఎవరికి ఏ చిత్రము నచ్చినదను విషయమున ఉపాధ్యాయుని తీర్పుతో విద్యార్థి ఏకీభవింపనక్కరలేదు. కారణము చెప్పిన చాలును.

అటుపిమ్మట వారినే చూడనీయవలెను. జనగామ చుట్టుపట్ల బోడుగుట్టల రాళ్లు ఎండకు, వానకు ఎట్లు పొరలుగా ఊడుచున్నవి? మహబూబాబాదు కల్లములలో ఆరబోసిన మిరప దినదినమునకు ఎట్లు మారుచున్నది? సంక్రాంతి మరునాడు చెట్ల కొమ్మలకు ఎంత మాంజా చిక్కుకొనియున్నది, దానిలో ఏ పక్షులు పడినవి? ఇంటిలోని సెల్‌ఫోనుతో ఐదు నిమిషముల చిత్రము తీయుటకు ఇవి చాలును. శబ్దము తరువాత చేర్చినచో ఆ సంగతి చివర వ్రాయవలెను.

చల్లగరిగ కవికి బహుమానము తెచ్చినది లాస్ ఏంజిలిస్ కాదు, చల్లగరిగయే. బహుమానము తరువాత ఆయన ఆ ఊరిలో ఒక గ్రంథాలయమును కట్టించినారు. పాటను విని గంతులు వేసిన పిల్లలు ఆ గ్రంథాలయపు తలుపు కూడ తట్టుదురు గాక.